కందెన నుంచి గేర్ ఆయిల్ దాకా: సూరత్ బండ్ల ఇరుసుల చరిత్ర

తపతీ తీరాన ఉన్న సూరత్ నగర చరిత్రలో రేవు, ఓడలు, ఐరోపా వర్తక స్థావరాలు, జరీ పని, పట్టు, నేటి కృత్రిమ నూలు చీరలు ప్రముఖంగా కనిపిస్తాయి గాని, ఆ సరకును రేవుకూ సంతకూ మగ్గానికీ మిల్లుకూ మధ్య మోసిన చక్రాల ప్రస్తావన అరుదు. ఆ చక్రాలను భరించిన ఇరుసుల్లో పోసిన నూనె ప్రస్తావన మరీ అరుదు. అయినా ఆ నూనెకు నాలుగు శతాబ్దాల చరిత్ర ఉంది. ఎద్దుబండి కాలంలో ఇరుసు నూనె బండివాని చేతికి రోజూ అంటుకునేది, అది తగ్గితే బండే అరిచి చెప్పేది. మోటారు కాలంలో అదే నూనె ఇనుప గుల్లలో మూతపడి, ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా పనిచేసి, పాడైన సంగతి పళ్లచక్రం విరిగేదాకా చెప్పకుండా ఉండిపోతుంది. లక్షల కిలోమీటర్లు తిరిగిన పికప్ వాహనం వెనుక ఇరుసులో గేర్ ఆయిల్ మార్చడమనే చిన్న పని ఎందుకు ముఖ్యమైనదో, ఎందుకు తరచూ మరపున పడుతుందో తెలియాలంటే, కంటి ముందున్న నూనె కంటికి కనిపించని నూనెగా మారిన ఈ క్రమాన్ని మొదటి నుంచీ చూడవలసి ఉంటుంది.

మొగలుల కాలంలో సూరత్ పశ్చిమ తీరంలోని ప్రధానమైన రేవు. 1608లో విలియం హాకిన్స్ నాయకత్వంలో 'హెక్టర్' అనే ఆంగ్లేయుల ఓడ ఈ తీరానికి చేరింది. కొద్ది సంవత్సరాలలోనే ఆంగ్లేయులూ డచ్చివారూ ఇక్కడ వర్తక స్థావరాలు నెలకొల్పుకున్నారు. పెద్ద ఓడలు నదిలోకి రాలేక సముద్రం ఒడ్డున సువాలి వద్ద లంగరు వేసేవి కనుక, సరకు అక్కడి నుంచి నగరానికీ, నగరం నుంచి దేశం లోపలికీ చేరడానికి పడవలతోపాటు బండ్లు, ఎద్దులు అవసరమయ్యేవి. సూరత్ నుంచి గోల్కొండకు ప్రయాణించిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఆనాటి రవాణాను వివరంగా వర్ణించాడు. పది పన్నెండు ఎద్దులు లాగే పెద్ద బండ్లు నూరు, రెండు నూరుల లెక్కన గుంపుగా కదిలేవనీ, బండికి నలుగురు చొప్పున కావలి భటులు వెంట నడిచేవారనీ, ఇద్దరు కూర్చునే తేలికపాటి బండిని అద్దెకు తీసుకుంటే సూరత్ నుంచి ఆగ్రాకు ముప్ఫై అయిదు నలభై రోజులు పట్టేదనీ, నలభై నలభై అయిదు రూపాయలు అయ్యేదనీ, గోల్కొండకు కూడా ఇంచుమించు అంతే దూరం, అంతే కిరాయి అనీ అతను రాశాడు. గోల్కొండ దాటి దక్షిణానికి వెళితే దారులు బండ్లకు అనుకూలంగా లేక, సరకంతా ఎద్దుల వీపుల మీదే సాగేదని కూడా అతని రచన వల్ల తెలుస్తుంది. ఈ విధంగా సూరత్‌ను తెలుగు నేలతో కలిపిన దారిలో ఒక భాగం చక్రాలది, మరొక భాగం గిట్టలది.

ఆ ప్రయాణాలను సాధ్యం చేసిన పదార్థం పేరు తెలుగునాట కందెన. కాల్చిన గడ్డి మసిని ఆముదంతో మెదిపి చేసే ఈ నల్లని ముద్దను చక్రపు కుండలో, అంటే ఆకులన్నీ వచ్చి కూడే నడిమి దిమ్మలో, ఇరుసు తిరిగే చోట పూసేవారు. దూరప్రయాణం చేసే బండికి కందెన గొట్టం ఒకటి వేలాడుతూ ఉండేది. ఆముదాన్ని ఎన్నుకోవడానికి బలమైన కారణం ఉంది. సాధారణ వంటనూనెల కంటే అది ఎంతో చిక్కనిది, దానిలోని ప్రధాన ఆమ్లమైన రిసినోలిక్ ఆమ్లపు నిర్మాణం వల్ల లోహాన్ని గట్టిగా పట్టుకొని ఉంటుంది, వేడెక్కినా తొందరగా జారిపోదు. ఆముదపు పంట గుజరాత్‌లోనూ తెలంగాణ మెట్ట నేలల్లోనూ విరివిగా పండడం వల్ల రెండు ప్రాంతాల బండ్లకూ ఈ నూనె చేతికందే దూరంలో ఉండేది. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అనే తెలుగు సామెత హాస్యం కోసం పుట్టినదైనా, అందులో ఒక సాంకేతిక సత్యం ఇమిడి ఉంది: పొడిబారిన ఇరుసు తన లోపాన్ని తానే చాటుకుంటుంది, బండివాడు దిగి కందెన పూసేదాకా ఊరుకోదు. ఆ వ్యవస్థలో హెచ్చరిక, వైద్యం రెండూ ఒకే మనిషి చేతిలో ఉండేవి.

ఎద్దుబండి నిర్మాణంలో మరొక సౌలభ్యం కూడా ఉంది. తరువాతి కథ అంతా దానిని కోల్పోవడం నుంచే మొదలవుతుంది. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం నడవవలసి వస్తుంది. రెండు చక్రాల మధ్య వెడల్పు 1.4 మీటర్లు అనుకుంటే, ఒక లంబకోణపు మలుపులో బయటి చక్రం సుమారు 2.2 మీటర్లు అదనంగా దొర్లాలి. ఎద్దుబండిలో ఇరుసు కదలకుండా ఉండి, దాని రెండు కొనల మీద చక్రాలు వేటికవి స్వేచ్ఛగా తిరుగుతాయి కాబట్టి ఆ తేడా సమస్య కాలేదు. లాగే శక్తి ఎద్దుల మెడ నుంచి కాక ఇరుసు నుంచే రావలసి వచ్చినప్పుడు, అంటే చక్రాన్ని తిప్పేది ఇరుసే అయినప్పుడు, రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగిస్తే మలుపులో ఏదో ఒక చక్రం నేల మీద ఈడ్చుకుపోక తప్పదు. ఆవిరితో నడిచే రోడ్డు బండ్ల మీద పనిచేసిన ఫ్రెంచి గడియారాల నిపుణుడు ఒనెసిఫోర్ పెకర్ 1827-28 కాలంలో ఈ చిక్కును విడదీసే పళ్లచక్రాల అమరికకు హక్కు పత్రం పొందాడు. డిఫరెన్షియల్ అని పిలిచే ఈ అమరిక శక్తిని రెండు చక్రాలకూ పంచుతూనే, మలుపులో ఒకటి వేగంగా, మరొకటి నెమ్మదిగా తిరగడానికి వీలు కల్పిస్తుంది.

సూరత్ పరిసరాల్లో ఎద్దుబండికీ మోటారుకూ మధ్య వచ్చినది రైలు. బొంబాయి, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే తన తొలి మార్గాన్ని 1860లో అంకలేశ్వర్ నుంచి సూరత్‌కు ఎదురుగా తపతికి ఆవలి ఒడ్డున ఉన్న ఉత్రాణ్ దాకా తెరిచింది. ఆనాటి భారతీయ రైళ్లలో దీపాలకూ యంత్రభాగాలకూ కూడా ఆముదం వాడుకలో ఉండేది కనుక, ఇరుసు కొత్తదైనా నూనె మాత్రం పాతదే. మోటారు యుగం తొలినాళ్లలోనూ ఆముదానికి గౌరవం తగ్గలేదు: చార్లెస్ వేక్‌ఫీల్డ్ 1899లో స్థాపించిన బ్రిటిష్ సంస్థ 1909లో తన ఇంజన్ నూనెకు పెట్టిన కాస్ట్రాల్ అనే పేరు ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న పేరు నుంచి వచ్చినదే, మొదటి ప్రపంచ యుద్ధ విమానాల ఇంజన్లలోనూ ఆముదం విస్తారంగా వాడారు. అయితే గాలి, వేడి తగిలినప్పుడు ఆముదం క్రమంగా జిగురుగా మారి పేరుకుపోతుంది. ముడి చమురు నుంచి తీసే ఖనిజ నూనె చవకైనదీ, అంతగా జిగురు కట్టనిదీ. అందువల్ల ఇరవయ్యో శతాబ్దపు మొదటి భాగంలోనే మోటారు బండ్ల ఇరుసులు ఆముదాన్ని విడిచి ఖనిజ నూనె వైపు మళ్లాయి.

ఖనిజ నూనె ఒక్కటే సరిపోని స్థితి 1920లలో వచ్చింది. ఇంజన్ శక్తి పొడవైన కడ్డీ గుండా వెనుకకు వచ్చి, పినియన్ అనే చిన్న పళ్లచక్రం ద్వారా క్రౌన్ అనే పెద్ద పళ్లచక్రాన్ని తిప్పుతుంది. చిన్న సరకు వాహనాల్లో పినియన్ సుమారు నాలుగైదు చుట్లు తిరిగితే క్రౌన్ ఒక చుట్టు తిరిగి, వేగం తగ్గి లాగుడు బలం పెరుగుతుంది. అమెరికాలోని గ్లీసన్ సంస్థ ఆ దశాబ్దపు మధ్యలో హైపాయిడ్ అనే కొత్త రకం పళ్లచక్రాలను ప్రవేశపెట్టింది. వీటిలో పినియన్ క్రౌన్ నడిబిందువుకు ఎదురుగా కాక కొంత కిందుగా ఉంటుంది, దానివల్ల కడ్డీ కిందికి దిగి వాహనం అడుగు ఎత్తు తగ్గుతుంది, పళ్లు పెద్దవై బలం పెరుగుతుంది, చప్పుడు తగ్గుతుంది. ఈ లాభాలకు చెల్లించవలసిన మూల్యం ఏమిటంటే, పళ్లు ఒకదానిపై ఒకటి దొర్లడమే కాక తీవ్రమైన ఒత్తిడితో పక్కకు జారుతాయి; ఆ ఒత్తిడికి మామూలు నూనె పొర తెగిపోయి లోహం లోహాన్ని తాకి చిరుగుతుంది. దీనికి విరుగుడుగా గంధకం, భాస్వరం కలిసిన పదార్థాలను నూనెలో చేర్చారు. పళ్లు రాపిడితో వేడెక్కిన చోట ఇవి లోహంతో రసాయనికంగా కలిసి పలుచని రక్షణ పొరగా ఏర్పడి, లోహానికి బదులు తామే అరిగిపోతాయి. గేర్ ఆయిల్ డబ్బా మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటైన వాసన ఈ గంధకానిదే.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గమనించాలి. తన కర్తవ్యం చేస్తూ ఖర్చయిపోయే పదార్థం నూనెలో ఉన్నప్పుడు, నూనె మట్టం సరిగా ఉన్నా, రంగు బాగున్నా, దాని రక్షణ శక్తి తరిగిపోయి ఉండవచ్చు. కందెన తగ్గితే వినబడేది. గంధకం, భాస్వరం తరిగితే వినబడదు. ఈ కారణంగానే నూనెలకు ప్రమాణాలు ఏర్పడ్డాయి. డబ్బా మీద ఉండే 90 అనే సంఖ్య చిక్కదనాన్ని తెలుపుతుంది. అయితే ఇంజన్ నూనెల సంఖ్యలకూ గేర్ నూనెల సంఖ్యలకూ కొలమానాలు వేరు గనుక, 90 నంబరు గేర్ ఆయిల్ చిక్కదనం ఇంచుమించు 40, 50 నంబరు ఇంజన్ నూనె చిక్కదనంతో సమానం. జీఎల్-4, జీఎల్-5 వంటి గుర్తులు ఒత్తిడిని తట్టుకునే శక్తిని తెలుపుతాయి. వీటిలో జీఎల్-5 తీవ్రమైన జారుడు ఉన్న హైపాయిడ్ ఇరుసుల కోసం ఉద్దేశించినది. ఆ నూనెలోని గంధకం కొన్ని గేర్‌బాక్సుల్లోని ఇత్తడి భాగాలను తినివేసే అవకాశం ఉండడం వల్ల, వెనుక ఇరుసుకు పనికివచ్చే నూనె అన్ని చోట్లా పనికిరాదన్న విచక్షణ మెకానిక్ వృత్తిలో భాగమైంది.

ఈ పరిజ్ఞానం భారతదేశానికి వాహనాలతోపాటే వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో పేరుపొందిన విల్లీస్ జీపుల ఇరుసుల్లో హైపాయిడ్ గేర్లు ఉండేవి. ఆ జీపులను 1947 నుంచి మహీంద్రా సంస్థ ఇక్కడ కూర్చసాగింది. జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో టాటా సంస్థ 1954లో లారీల తయారీ మొదలుపెట్టింది. సూరత్ వీధుల్లో సరకు మోసే చిన్న వాహనాలన్నిటికీ నేటికీ టెంపో అనే పేరు నిలిచిపోవడానికి కారణమైన బజాజ్ టెంపో సంస్థ 1958లో జర్మన్ సాంకేతికతతో మూడు చక్రాల వాహనాలు తెచ్చింది. ఆ తొలి హాన్సియట్ వాహనంలో ఇంజన్ ముందున్న ఒంటి చక్రాన్నే తిప్పేది కాబట్టి దానికి వెనుక డిఫరెన్షియల్ అవసరమే లేదు. 1986లో టాటా 407, 1988లో టాటామొబైల్ పికప్, ఆ తరువాత మహీంద్రా పికప్‌లు, 2005లో టాటా ఏస్ రావడంతో వెనుక ఇరుసుతో నడిచే చిన్న సరకు వాహనం ప్రతి పేటకూ చేరింది. నూనె విషయంలోనూ దేశం తన కాళ్ల మీద నిలబడింది: 1960లో సూరత్‌కు ఉత్తరాన అంకలేశ్వర్‌లో చమురు బయటపడింది, 1965లో బరోడా దగ్గర కోయలీ శుద్ధి కర్మాగారం పని మొదలుపెట్టింది, 1972లో ఇండియన్ ఆయిల్ సంస్థ సర్వో పేరుతో కందెన నూనెలను మార్కెట్లోకి తెచ్చింది.

సూరత్‌లో ఈ చిన్న వాహనాలు ఎందుకంత ఎక్కువ తిరుగుతాయో తెలియాలంటే అక్కడి బట్ట నడిచే దారి తెలియాలి. నూలు వ్యాపారి దగ్గర నుంచి దారం బండి ఎక్కి ఉధ్నా, లింబాయత్, కతార్‌గామ్ వంటి పేటల్లోని మరమగ్గాల కార్ఖానాలకు చేరుతుంది; అక్కడ నేసిన రంగు వేయని బట్ట, టాకాలు అని పిలిచే చుట్టలుగా మళ్లీ బండి ఎక్కి వర్తకుని దగ్గరకు, అక్కడి నుంచి పాండేసరా, సచిన్, పల్సాణా వైపు ఉన్న అద్దకం, ముద్రణ మిల్లులకు వెళుతుంది; రంగు వేసుకున్న బట్ట రింగ్ రోడ్డు మార్కెట్లకు వచ్చి, కుట్టుపని, అంచుపని కోసం ఇళ్లకు చేరి, తిరిగి వచ్చి, చివరికి పార్సెల్ అయి లారీ ఆఫీసులకు చేరుతుంది. ఒకే చీర నగరం దాటకముందే అయిదారు సార్లు బండి ఎక్కి దిగుతుంది. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లి లింబాయత్ పరిసరాల్లో స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఈ గొలుసులో మగ్గం దగ్గర నిలబడిన వారిలో ముఖ్యులు. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడపడం ఆ వలస ఎంత పెద్దదో తెలుపుతుంది. వారు నేసిన బట్టే పాత 6వ నంబరు జాతీయ రహదారి మీదుగా తూర్పుకు తిరిగి, హైదరాబాద్ బేగంబజారుకూ విజయవాడ వస్త్రలతకూ చీరలుగా చేరుతూ ఉంటుంది.

ఇటువంటి పని ఇరుసుకు కఠినమైన పరీక్ష. దూరాలు చిన్నవి, ఆగుడు ఎక్కువ, బరువు తరచూ పరిమితికి మించి ఉంటుంది, ఎండాకాలపు వేడి సరేసరి. ప్రతిసారీ నిలిచిన చోటి నుంచి బరువును కదిలించేటప్పుడు పినియన్ పళ్ల మీద పడే ఒత్తిడి, రహదారి మీద ఒకే వేగంతో సాగేటప్పటి ఒత్తిడి కంటే ఎంతో ఎక్కువ. ఇంజన్ నూనెకు మట్టం చూసే డిప్‌స్టిక్ ఉంటుంది, డ్రైవర్ ఎదుట వెలిగే హెచ్చరిక దీపం ఉంటుంది. వెనుక ఇరుసుకు ఆ రెండూ లేవు. అందుచేత చేతులు మారిన పాత వాహనాల్లో ఈ నూనె ఎన్నడు మార్చారో యజమానికే తెలియని స్థితి సర్వసాధారణం. కిలోమీటర్లు పెరిగేకొద్దీ ఆయిల్ సీళ్లు గట్టిపడి నూనె కారడం మొదలవుతుంది. చిన్న వాహనాల్లో ఆ కారిన నూనె చక్రం చివరకు పాకి బ్రేకు డ్రమ్ములో చేరితే బ్రేకు పట్టు కూడా పోతుంది. అప్పుడిది యంత్రం ఆయుష్షును దాటి వీధిలో నడిచే మనుషుల ప్రాణాలకు సంబంధించిన విషయమవుతుంది.

సూరత్ షెడ్లలోనైనా విజయవాడ ఆటోనగర్‌లోనైనా అనుభవజ్ఞులైన మెకానిక్‌లు ఈ పనికి పాటించే క్రమం ఒక్కటే. ఆ క్రమంలో ప్రతి మెట్టుకూ కారణం ఉంది. వాహనాన్ని కొంత దూరం నడిపి తెస్తే చిక్కని నూనె వేడెక్కి, అడుగున పేరుకున్న లోహపు రజనుతో సహా బయటికి జారుతుంది. సమతలం మీద నిలిపి, ముందుగా నూనె పోసే పై బిరడాను విప్పి చూస్తారు. అది తుప్పు పట్టి రాకపోతే, కింది బిరడా విప్పి నూనె వదిలేశాక కొత్త నూనె పోసే దారి లేక బండి అక్కడే నిలిచిపోతుంది. అయస్కాంతం ఉన్న బిరడాకు అంటుకున్న బూడిదరంగు మెత్తని ముద్ద సహజమైన అరుగుదలకు గుర్తు, పెళ్లలు గాని పళ్ల ముక్కలు గాని కనిపిస్తే క్రౌన్, బేరింగులు విప్పి చూడవలసిందే. గేరు కూత అప్పటికే మొదలై ఉంటే కొత్త నూనె దానిని మాన్పలేదు. క్రౌన్, పినియన్ ఒకదానితో ఒకటి రాపాడించి జోడుగా తయారైనవి కనుక మార్చినా జోడుగానే మార్చాలి. కొత్త నూనెను పై రంధ్రపు అంచు దాకా మాత్రమే పోస్తారు, అంతకు మించితే అది నురగ కట్టి సీళ్లను తోసుకొని బయటికి వస్తుంది. ఒక పికప్‌కు పట్టేది రెండు లీటర్లకు అటూ ఇటూ మాత్రమే. ఆ కాస్త నూనె కాపాడే క్రౌన్, పినియన్ జోడు ధరతో, బండి నిలిచిపోయిన రోజుల కిరాయితో పోలిస్తే దాని ఖర్చు స్వల్పం.

నూనె మార్చే పనికి సూరత్ ఇచ్చిన అతి కఠినమైన పాఠం 2006 ఆగస్టు వరద. ఎగువన ఉకాయ్ జలాశయం నుంచి భారీగా నీరు విడుదల కావడంతో తపతి పొంగి నగరంలో అధిక భాగాన్ని ముంచింది. ఇళ్లు, మగ్గాలు, మార్కెట్లతోపాటు వాహనాలు కూడా నీట నానాయి. ఇరుసు గుల్ల పైన బ్రీదర్ అనే చిన్న గాలి రంధ్రం ఉంటుంది. లోపలి గాలి వేడికి వ్యాకోచించినప్పుడు బయటికి పోవడానికి ఏర్పాటైన ఆ దారినే, వేడి ఇరుసు చల్లని నీటిలో మునిగినప్పుడు నీరు లోపలికి పీల్చబడుతుంది. నీరు కలిసిన గేర్ ఆయిల్ పాలలాగా తెల్లబడి, పొర కట్టే గుణాన్ని కోల్పోతుంది, బేరింగులకు తుప్పు పట్టిస్తుంది. ఇంజన్ తిరిగి స్టార్ట్ అయిందని నడిపేసిన వాహనం కొన్ని నెలల తరువాత ఇరుసు దగ్గర విఫలం కావడానికి కారణం ఇదే. కాబట్టి వరద నీటిలో నిలిచిన వాహనానికి కిలోమీటర్ల లెక్కతో నిమిత్తం లేకుండా వెనుక ఇరుసు నూనె మార్చడం తప్పనిసరి. నదీ తీరపు నగరాలన్నిటికీ, విజయవాడకూ రాజమహేంద్రవరానికీ కూడా, ఈ నియమం వర్తిస్తుంది.

బయటికి తీసిన నూనె కథ కూడా ఈ చరిత్రలో భాగమే. కందెన నేల మీద రాలినా ఆముదం, మసి మట్టిలో కలిసిపోయేవి. వాడిన గేర్ ఆయిల్ లోహపు రజను, రసాయనాల అవశేషాలు కలిసిన మలినం, అది కాలువలోకి పోతే నది దాకా చేరుతుంది. వాడిన నూనెను భారత చట్టం ప్రమాదకర వ్యర్థంగా గుర్తిస్తుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలకు చేసిన సవరణ ప్రకారం, 2024 ఏప్రిల్ నుంచి నూనె తయారీదారులూ దిగుమతిదారులూ వాడిన నూనెను తిరిగి శుద్ధి చేయించే బాధ్యతలో భాగం వహించాలి. అయితే ఆ బాధ్యత నెరవేరాలంటే, వీధి చివర షెడ్డులో తీసిన రెండు లీటర్లు కూడా డబ్బాలో భద్రంగా నిలిచి, అనుమతి పొందిన సేకరణదారు చేతికి చేరాలి.

నాలుగు శతాబ్దాల ఈ మార్పును ఒక్కచోట చేర్చి చూస్తే, ప్రతి దశలోనూ ఇరుసు బలపడింది, మోసే బరువు పెరిగింది, అదే సమయంలో ఇరుసు స్థితి మనిషి చెవికీ కంటికీ దూరమైంది. ఆ దూరాన్ని పూడ్చగలిగినది రాతపూర్వకమైన జ్ఞాపకం ఒక్కటే: నూనె మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు, పోసిన నూనె రకం, బిరడా మీద కనిపించిన రజను స్థితి అనే నాలుగు వివరాలు బండి పుస్తకంలో రాసి ఉంటే, వాహనం ఎన్ని చేతులు మారినా దాని ఇరుసు చరిత్ర దానితోపాటే సాగుతుంది. సూరత్ ఐశ్వర్యానికి నేతగాళ్లు, వర్తకులు ఎంత కారకులో, బండి కింద పడుకొని ఆ నాలుగు వివరాలను చదవగలిగిన మెకానిక్‌లు కూడా అంతే కారకులు. వాణిజ్య చరిత్ర రాసేవారు వారి పనిని కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడే ఆ చరిత్ర సమగ్రమవుతుంది.